అద్దాల గదిలో వదిన నిద్ర

మీరే చేశారు. పక్కవాళ్ళ వైపు చూడకండి. బ్యూటీ పార్లర్ల యజమానులు, మసాజ్ సెంటర్ల భాగస్వాములు, గుమ్మం మీద "మీ ఒత్తిడి ఇక్కడ వదిలి వెళ్ళండి" అని రంగుల అక్షరాలు అంటించి, జనం వదిలి వెళ్ళిన ఆ ఒత్తిడంతా ఎవరు ఊడ్చి ఎత్తిపోస్తున్నారో ఒక్కసారైనా వంగి చూడని పెద్దమనుషులు, మీరే. మా వదిన నిద్ర పోగొట్టింది మీరే. పోగొట్టాక, అదే నిద్రని అద్దాల గదిలో పెట్టి వీధికి చూపించిందీ మీరే. అది చేసింది మీ మేడమ్ ఒక్కతే, మేం అలాంటివాళ్ళం కాదంటారా? అయితే కూర్చుని పూర్తిగా వినండి. కుర్చీలన్నీ మీవే కదా.

నా పని వెంట్రుకలు పీకడం. మర్యాదగా చెప్పాలంటే వ్యాక్సింగు, కనుబొమలకి దారం పని. జనం నా దగ్గరికొచ్చి అరుస్తారు, మా వదిన దగ్గరికెళ్ళి ఊరుకుంటారు. వదినది ముఖం పని. ఫేషియల్, తల మర్దన, మెడ, భుజాలు. మూడో మనిషి పొడుగమ్మాయి, జుట్టు పని చేస్తుంది. తలుపు చట్రానికి తల తగలకుండా ఎప్పుడూ వంగి నడవడం వల్ల చూసేవాళ్ళకి అణకువగల పిల్లలా కనిపిస్తుంది. అంత అణకువేం లేదు. మా ముగ్గురి మీదా యజమాని మేడమ్.

వదిన అంటే సొంత వదినే. మా అన్నయ్య భార్య. నేను మర్చిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి పార్లర్‌కి వచ్చిన అన్నయ్య, ఆవిడ ఎవరి ముఖానికో క్రీము రాస్తుండగా చూశాడు. అప్పట్నుంచి నేను మర్చిపోకపోయినా నా డబ్బా దాచేసి, తనే పట్టుకుని వచ్చేవాడు. "ఆ చేతుల్లో పడ్డ ముఖం ఎంత పెట్టి పుట్టిందో!" అన్నాడు నాతో. "నీ ముఖానికి అంత లేదులే, నోరు మూసుకుని డబ్బా ఇవ్వు," అన్నాను. అయినా పెళ్ళయింది. పెళ్ళయ్యాక ఆ చేతులు మా ఇంట్లో అంట్లు తోమడానికి బాగా పనికొచ్చాయి.

ఆ చేతులకి జబ్బు చేసింది. చేతులకి కాదు, మనిషికే. చూస్తూ చూస్తూ ఉండగానే ఊపిరి అందదు. గుండె గొంతులోకొచ్చి కూర్చుంటుంది. వేళ్ళు కొయ్యబారిపోతాయి. ప్రాణం పోతోందనుకుంటుంది. కాసేపటికి అంతా తగ్గిపోతుంది, కానీ మళ్ళీ ఎప్పుడొస్తుందోనన్న బెంగ మాత్రం తగ్గదు. ఆ బెంగతో నిద్ర దూరమైంది. నిద్ర లేక బెంగ ఇంకా పెరిగింది. ఒకదాని జుట్టు ఒకటి పట్టుకుని వదినని చెరో పక్కకీ లాగడం మొదలుపెట్టాయి.

అన్నయ్య మొదట గ్యాస్ అన్నాడు. తర్వాత దిగులన్నాడు. తర్వాత "రోజంతా ఏసీలో ఉండే పనేగా, నీకేం కష్టమొచ్చింది?" అన్నాడు. ఆ మాటకి నేను వాడి తల మీద గరిటెతో ఒకటిచ్చి, వదినని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ అన్నీ చూసింది. గుండె గట్టిగానే ఉందని, ఇది మనసుకి వచ్చిన జబ్బని, సిగ్గు పడాల్సిన పని లేదని చెప్పింది. మందు రాసింది. వారం వారం వచ్చి కూర్చుని మాట్లాడమంది. అంతా అయ్యాక అడిగింది:

"ఒంటికి కాస్త సడలింపు ఉండాలమ్మా. మసాజ్ లాంటివి ఏమైనా...?"

"రోజంతా అదే పనండి," అంది వదిన.

"చెయ్యడం కాదమ్మా. చేయించుకోవడం."

వదిన నా వైపు చూసింది. ఆ డాక్టరమ్మ ఏదో పరాయి భాషలో మాట్లాడినట్టు చూసింది.

నిజానికి మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. మేడమ్ పెట్టింది కాదు, మాలో మాకే పుట్టింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక బేరాలుండవు. ఆ వేళ కొత్త క్రీమేదైనా వస్తే మాలో ఒకళ్ళం కుర్చీలో పడుకునేవాళ్ళం, ఇంకొకళ్ళం చేసేవాళ్ళం. దాన్ని "ట్రయల్" అనేవాళ్ళం. కొత్త క్రీము రాకపోయినా ట్రయలే. పాత క్రీము ఇంకా పాతబడిందేమో చూడాలి కదా! పడుకున్న మనిషితో ఎవరూ మాట్లాడకూడదు. ఆ మనిషి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ముఖానికి ప్యాక్ వేశాక లైటు తీసేసి, తెర దించేసి, మిగతావాళ్ళం నేల మీద చతికిలబడి, అది ఆరేదాకా కిక్కురుమనకుండా కూర్చునేవాళ్ళం. ఎవరు మొదలుపెట్టారో గుర్తు లేదు. పొడుగమ్మాయి మాత్రం తనే మొదలుపెట్టానంటుంది. అది చేసే సగం పనులకి అలాగే అంటుంది.

డాక్టరమ్మ మాట విన్నాక మా వంతులు కూడా వదినకే ఇచ్చేశాం.

మొదటిసారి పొడుగమ్మాయి చేసింది. తలకి పట్టీ కట్టి, కళ్ళ మీద తడి దూది పెట్టి, గడ్డం దగ్గర్నుంచి చెవుల దాకా మెల్లగా పైకి లాగడం మొదలుపెట్టింది. వదిన చేతులు ఊరుకోవు. పొడుగమ్మాయి చేతులతో పాటు తనూ గాల్లో రుద్దేస్తోంది. "వదినా, చేతులు కింద పెట్టు. ఇక్కడ నువ్వు ముఖానివి," అన్నాను. నవ్వింది. దవడ కీలు దగ్గర పొడుగమ్మాయి వేళ్ళు ఆగి, గుండ్రంగా తిప్పుతూ కాస్త నొక్కాయి. అప్పుడు దూది కింద నుంచి నీళ్ళు కారాయి. పొడుగమ్మాయి తువ్వాలు కొసతో తుడిచేసి, మెడ కింద చెయ్యి పెట్టి, తల బరువంతా తన అరచేతుల్లోకి తీసుకుంది. ప్యాక్ వేసేసరికి వదిన నిద్రపోయింది. గురక కూడా పెట్టింది. నేను, పొడుగమ్మాయి నేల మీద కూర్చుని నోటికి తువ్వాళ్ళు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

ఒక్క మాట తెగేసి చెప్తాను. ఫేషియల్ జబ్బు నయం చెయ్యదు. మొగుణ్ణి మార్చదు, ఇంటి చాకిరీ తగ్గించదు. మందు మందే, డాక్టర్ డాక్టరే. మసాజ్ చేయించుకుంటే మందు మానెయ్యొచ్చని ఎవడైనా చెప్తే వాడి మూతికి నేను ఉచితంగా వ్యాక్సింగ్ చేస్తాను. కానీ రోజంతా మా వదినని ముట్టుకునే ప్రతి చెయ్యీ ఏదో ఒకటి అడుగుతుంది. ఇంట్లో పిల్లాడి చెయ్యి అన్నం అడుగుతుంది. అన్నయ్య చెయ్యి ఇస్త్రీ చొక్కా అడుగుతుంది. కస్టమర్ చెయ్యి "ఇంకాసేపు" అని అడుగుతుంది. ఏమీ అడగని చెయ్యి ముఖం మీద పడేసరికి ఒళ్ళు కాపలా దిగింది. అంతే జరిగింది. అదేమీ చిన్న విషయం కాదు. ఆ మధ్యాహ్నాల తర్వాత వదిన ఇంటిదగ్గర కూడా కళ్ళు మూయడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ "మీకు పనిచేస్తోంది, మానకండి," అంది. ఊపిరి ఆగే గొడవ వచ్చినా, "ఇది పోతుందిలే," అని తనకి తనే చెప్పుకునేది.

సరిగ్గా అప్పుడు మా మేడమ్ ఏదో సదస్సుకెళ్ళి తెలివి నేర్చుకుని వచ్చింది.

వస్తూ వస్తూ రెండు తెచ్చింది. ఒకటి "మనశ్శాంతి ప్యాకేజీ" అనే మాట. రెండోది రబ్బరు తలకాయ. మనిషి తలంత ఉంది. మూసిన కళ్ళు, బిగించిన పెదాలు, మెడ కింద గుండ్రటి పీట.

"ఇకనుంచి ప్రాక్టీస్ అంతా దీని మీదే. స్టాఫ్ ఎవరూ కస్టమర్ కుర్చీ ఎక్కకూడదు. కుర్చీ కస్టమర్లది," అంది మేడమ్.

"మరి దీనికి రాస్తే క్రీము మంట పుడుతుందో లేదో ఎలా తెలుస్తుంది మేడమ్?" అంది పొడుగమ్మాయి.

"ఎక్కువ మాట్లాడకు."

"నేను కాదు మేడమ్, ఇదే మాట్లాడదు. అందుకే అడుగుతున్నా."

మేం దానికి రబ్బరు రాణి అని పేరు పెట్టాం. మధ్యాహ్నం మేడమ్ సీసీ కెమెరాలో చూస్తుంటే వదిన రబ్బరు రాణికి గడ్డం దగ్గర్నుంచి చెవుల దాకా పైకి లాగుతూ, "రిలాక్స్ అవ్వండి మేడమ్, భుజాలు వదిలెయ్యండి," అనేది. రాణికి భుజాలు లేవు. నవ్వొచ్చేది మాకు. వదినకి రాలేదు.

నిద్ర మళ్ళీ దూరమైంది. మందు వేసుకుంటూనే ఉంది, మాట్లాడి వస్తూనే ఉంది, అయినా ఒక కోడు విరిగిన మంచంలా అయింది వ్యవహారం. ఒకరోజు ఒకావిడకి ఫేషియల్ చేస్తుండగా వచ్చేసింది. తెర పక్కనుంచి చూశాను. కస్టమర్ కళ్ళ మీద దూది. వదిన వేళ్ళు ఆవిడ బుగ్గల మీదే కొయ్యల్లా బిగుసుకుపోయాయి. వదిన నోరు తెరుచుకుని గాలికోసం వెతుక్కుంటోంది. నేను వెళ్ళి, మెల్లగా వదిన వేళ్ళు విడదీసి, స్టూలు మీద కూర్చోబెట్టి, నా చేతులు కస్టమర్ ముఖాన పెట్టాను. వెంట్రుకలు పీకే చేతులు. మొరటువి.

"ఏంటమ్మా, ఉన్నట్టుండి చెయ్యి మారింది?" అంది కస్టమర్.

"ఇది రెండో దశ మేడమ్. కొంచెం గట్టిగా ఉంటుంది."

"ఆహా. ఇదే బావుంది."

అక్కడ ఒకావిడ ప్రాణం విలవిల్లాడుతుంటే పక్కనే ఇంకొకావిడ మనశ్శాంతి అనుభవిస్తోంది. మీ వ్యాపారం అంటే అదే.

సంగతి మేడమ్ చెవిన పడింది. వదినని పిలిచి, చాలా తియ్యగా, "నువ్వు కొన్నాళ్ళు ఇంట్లో రెస్ట్ తీసుకోమ్మా. ప్యాకేజీ మొదలయ్యాక ఇలాంటివి జరిగితే బావుండదు," అంది. ఆ తీపికి అర్థం మాకు తెలుసు. రెస్ట్‌కి వెళ్ళిన మనిషిని మీరు మళ్ళీ పిలిచారా ఎప్పుడైనా? వదిన బయటికొచ్చి నాతో ఒక్కటే అంది: "పని కూడా పోతే పిచ్చెక్కుతుందే నాకు. ఇంట్లో కూర్చుంటే ఆ ఊపిరాగడం తప్ప ఇంకేం మిగల్దు." ప్యాకేజీ ప్రారంభోత్సవం దాకా ఉండనివ్వమని నేను మేడమ్‌ని బతిమాలాను. గిన్నెలు కడగడానికి, తువ్వాళ్ళు మడతపెట్టడానికి ఒక మనిషి కావాలి కదా అని ఒప్పుకుంది.

ప్రారంభోత్సవం రోజు వీధి వైపున్న అద్దాల గదికి పూలు, రిబ్బన్లు కట్టారు. మధ్యలో కొత్త కుర్చీ. చుట్టూ అతిథులు. ముందు వరసలో ఉపన్యాసాలిచ్చే ఆవిడ ఒకరు, మనసు గురించి ఊరూరా మాట్లాడతారట. కుర్చీలో పడుకుని మనశ్శాంతి పొందాల్సింది మేడమ్ తోటికోడలు. ఆవిడ ఆలస్యంగా వచ్చింది. వచ్చేటప్పుడు ఇంకో పార్లర్లో ముఖానికి పూర్తిగా మేకప్ వేయించుకుని వచ్చింది.

"ముఖం కడుక్కోవాలి కదే!" అంది మేడమ్ పళ్ళ మధ్యనుంచి.

"కడుక్కోవాలా? ఫోటోలుంటాయన్నావుగా!"

"అవి ఫేషియల్ ఫోటోలు!"

"అయితే ముందే చెప్పాలి అక్కా. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చింది కడుక్కోడానికా?"

"రాణిని పడుకోబెడదామా మేడమ్?" అంది పొడుగమ్మాయి చాలా వినయంగా. మేడమ్ చూసిన చూపుకి రబ్బరు కూడా కరిగేదే. చుట్టూ చూసింది. తువ్వాళ్ళు మడతపెడుతున్న వదిన కనిపించింది. "నువ్వు. ఆ యూనిఫాం కోటు విప్పేసి పడుకో. నువ్వు కస్టమర్‌వి. త్వరగా."

అలా మా వదిన మళ్ళీ కుర్చీ ఎక్కింది.

పొడుగమ్మాయి చేతులు మొదలయ్యాయి. నేను గిన్నె పట్టుకున్నాను. మేడమ్ మైకు పట్టుకుంది. "చూడండి, ఆధునిక మహిళ నుదుటి మీద ఎంత ఒత్తిడో! ఇప్పుడది ఎలా కరుగుతుందో..." వదిన మేడమ్ మాట వినడం లేదు. దవడ దగ్గర వేళ్ళు ఆగగానే పెద్ద నిట్టూర్పు వదిలింది. మెడ కింద చేతులు వెళ్ళేసరికి చేతి వేళ్ళు విచ్చుకున్నాయి. ప్యాక్ సగం పూసేలోపే గురక. మైకులోకి కూడా వినిపించింది. అతిథులు నవ్వారు. మేడమ్ కూడా నవ్వక తప్పలేదు.

ఇక్కడ పొడుగమ్మాయి ఒక పొరపాటు చేసింది. మేం తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. ప్యాక్ పూర్తయింది కదా, అలవాటు కొద్దీ వెళ్ళి తెర దించేసి, లైటు తీసేసి, నేల మీద కూర్చుంది. నేనూ అలవాటు కొద్దీ గిన్నె పక్కన పెట్టి కూర్చున్నాను. అతిథులున్నారనే సంగతి మాకు గుర్తొచ్చేసరికి గదంతా చీకటి. మేడమ్ మాట మధ్యలో ఆగిపోయింది.

ఎవరూ కదల్లేదు. ఏదో కార్యక్రమంలో భాగమనుకున్నారు. గురక ఒక్కటే. కాసేపటికి ఎవరో చెప్పులు విప్పిన చప్పుడు. ఇంకెవరో ముక్కు ఎగబీల్చారు. ఆ ఉపన్యాసాలావిడ కుర్చీ దిగి, నా పక్కనే నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. అప్పటిదాకా ప్రతి మాటకీ "అద్భుతం" అన్న మనిషే. మేడమ్ స్విచ్ కోసం గోడంతా తడుముతోంది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"వదులు. లైటు వెయ్యాలి."

"ప్యాక్ ఆరలేదు మేడమ్."

"నీకు పిచ్చా?"

"ఇప్పుడు లేపితే నాకు నిజంగానే పిచ్చెక్కుతుంది మేడమ్. చూస్తారా?"

వదిన తనంతట తను లేచేదాకా లైటు వెయ్యనివ్వలేదు.

లైటు వచ్చాక చప్పట్లు. ఉపన్యాసాలావిడ కళ్ళు తుడుచుకుని, ఇంత శాంతి తనెక్కడా చూడలేదంది. అతిథులంతా ప్యాకేజీకి పేర్లిచ్చి వెళ్ళారు. మమ్మల్ని తరిమేస్తుందనుకున్న మేడమ్ ముఖం దివిటీలా వెలిగిపోయింది. వదిన భుజం మీద చెయ్యి వేసి, "నీకు పని పోలేదమ్మా. ఇకనుంచి రోజూ సాయంత్రం రద్దీ వేళ నువ్వు ఆ అద్దాల గదిలో పడుకోవాలి. తెర ఎత్తే ఉంచుదాం. వీధిలోవాళ్ళు చూడాలి. ఇంతకంటే మంచి ప్రకటన ఉండదు," అంది.

వదిన నా వైపు తిరిగి, "పడుకోమనేగా," అంది, ఆశగా.

ఇంట్లో అన్నయ్య పగలబడి నవ్వాడు. "పడుకోడానికి జీతమా! నాకూ ఇప్పించవే ఈ ఉద్యోగం. నేనైతే పండగ చేస్తా."

"నిన్ను అద్దంలో పెడితే పక్క కొట్టువాళ్ళు కూడా మూసేస్తారు," అన్నాను.

మొదటి సాయంత్రం వదిన పడుకుంది. పొడుగమ్మాయి చేతులు అవే. కుర్చీ అదే. కానీ అద్దం అవతల వీధి ఉంది. కళ్ళ మీద దూది ఉన్నా చూపులు తెలుస్తాయి. పిల్లలు అద్దం మీద కొట్టారు. ఎవడో ముక్కు అద్దానికి నొక్కి పందిలా ముఖం పెట్టాడు. వదిన నిద్ర నటించింది. నిద్ర నటించడం ఎంత కష్టమో తెలుసా మీకు? ఊపిరి కూడా లెక్కగా తియ్యాలి. ఊపిరి అంటేనే భయం ఉన్న మనిషికి ఆ పని పెట్టారు మీరు. మధ్యలో మేడమ్ బయటనుంచి అద్దం తట్టి, పెదాలు రెండు వైపులా లాగి సైగ చేసింది.

"ఎవరు తడుతున్నారు?" అంది వదిన, పెదాలు కదపకుండా.

"మేడమ్. నవ్వమంటోంది."

"నిద్రలోనా?"

"నిద్రలోనే."

కొన్నాళ్ళు అలాగే గడిచింది. ఇంట్లో మళ్ళీ నిద్ర లేదు. మంచం ఎక్కితే ఎవరో చూస్తున్నట్టే ఉంటోందంది. పిల్లాడు పక్కన పడుకుని చూసినా అటు తిరగమంటోంది. ముఖం కడుక్కునేటప్పుడు అద్దానికి తువ్వాలు కప్పుతోంది. డాక్టరమ్మకి చెప్తే "ఆ పని ఆపించండి," అంది. మేడమ్‌కి చెప్తే "డాక్టర్లకి మార్కెటింగ్ తెలీదు," అంది.

ఆ సాయంత్రం నేనొకావిడకి కాళ్ళు చేస్తున్నాను. ఒక కాలు అయింది, రెండోదానికి మైనం పూశాను. పొడుగమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "అక్కా, వదిన!"

వెళ్ళి చూద్దును కదా, అద్దాల గదిలో వదిన కుర్చీ చేతులు పట్టుకుని విల్లులా వంగిపోయి ఉంది. ప్యాక్ పూసిన ముఖంలో నోరొక్కటే నల్లగా తెరుచుకుని ఉంది. బయట జనం. చేతుల్లో ఫోన్లు. మేడమ్ గుమ్మంలో నిలబడి వాళ్ళతో చెప్తోంది: "కంగారు పడకండి. లోపలున్న ఒత్తిడంతా బయటికి వెళ్ళిపోతోంది. మా ప్యాకేజీ ప్రత్యేకతే అది!"

తెర కిందికి లాగేశాను. ఊడి చేతికొస్తుందేమో అన్నంత గట్టిగా లాగాను. లైటు తీసేశాను. కళ్ళ మీది దూది తీసి, వదిన వెనక్కి చేరి, మెడ కింద చెయ్యి పెట్టి తల పట్టుకున్నాను. మసాజు లేదు, క్రీము లేదు. ఊరికే పట్టుకున్నాను. "ఇది పోతుంది వదినా. ఎప్పుడూ పోయేదే. నేనున్నాను. ఎవరూ చూడ్డం లేదు." పొడుగమ్మాయి పాదాలు పట్టుకుంది. కాసేపటికి వేళ్ళు వదులయ్యాయి. గాలి లోపలికి వెళ్ళడం వినిపించింది.

"తెర ఎత్తు!" మేడమ్ తలుపులోంచి తల పెట్టింది. "జనం వెళ్ళిపోతున్నారు!"

"పోనివ్వండి."

"నీ కస్టమర్ ఒక కాలుతో కూర్చుంది అక్కడ!"

"కూర్చోలేదు, వచ్చేశాను," అంది ఇంకో గొంతు. ఆవిడే. ఒక కాలు నున్నగా, ఇంకో కాలు మైనంతో, తువ్వాలు చుట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. వదినని చూసింది. మేడమ్‌ని చూసింది. "ఏమండీ, మనిషి ఊపిరాడక కొట్టుకుంటుంటే మీరు బయట నిలబడి అమ్ముతున్నారా?"

"మీకు తెలీదు మేడమ్, ఇది స్టాఫ్ విషయం..."

"నా కాలు కూడా స్టాఫ్ విషయమేనా? అయితే ఈ మైనం ఇలాగే ఉండనివ్వండి. వీధిలోకి ఇలాగే వెళ్తాను. అడిగినవాళ్ళకల్లా మీ పార్లర్ పేరు చెప్తాను."

మేడమ్‌కి చెమటలు పట్టాయి. వెంటనే గొంతు మార్చి వదిన దగ్గరికొచ్చింది. "అమ్మా, ఇవాళ్టికి చాల్లే. రేపట్నుంచి టైము తగ్గిద్దాం. పోనీ రోజు విడిచి రోజు. అందరం ఒక కుటుంబమే కదా."

వదిన లేచి కూర్చుంది. నోట్లో నాలుక లేని మనిషని అన్నయ్య అందరికీ చెప్పుకునే మా వదిన. సగం ఎండిన ప్యాక్ పెచ్చులుగా ఊడి ఒళ్ళో పడుతోంది.

"మీరు నన్ను చూపించకండి మేడమ్," అంది. "వీళ్ళని నాకు చెయ్యనివ్వండి. వీళ్ళు నా ముఖం ముట్టుకుంటే నాకు బావుంటుంది. మిమ్మల్ని ఏమీ అడగలేదు నేను, ఖాళీగా పడున్న కుర్చీలో ఖాళీగా ఉన్న వేళ కాసేపు తప్ప. అది కూడా మీరే తీసేసుకున్నారు. తీసుకున్నది తిరిగిస్తారా అంటే, అద్దాలు బిగించి ఇచ్చారు. చూసేవాళ్ళుంటే ఆ ముఖం నాది కాదు మేడమ్. నాది కాని ముఖానికి ఎంత రుద్దినా నాకేం వస్తుంది?"

"రేపు కూర్చుని మాట్లాడదాం."

"లేదు మేడమ్. ఇప్పుడే. నేను రెస్ట్‌కి వెళ్ళను. అద్దంలో పడుకోను. రేపు పొద్దున నా పనికి నేను వస్తాను, మధ్యాహ్నం నా కుర్చీలో నేను పడుకుంటాను. కాదంటే ఇప్పుడే చెప్పండి, ముగ్గురం కలిసే వెళ్తాం."

మేం ముగ్గురమని తను మాతో ముందు అనలేదు. పొడుగమ్మాయి నా వైపు చూసింది, నేను పొడుగమ్మాయి వైపు చూశాను, ఇద్దరం కోట్లు విప్పి చేతిలో పట్టుకున్నాం. మైనం కాలావిడ అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది, జవాబు విని కానీ కదిలేది లేదన్నట్టు.

మేడమ్ ఇంకా ఆలోచిస్తోంది. ఆలోచించనివ్వండి. ఆవిడ సంగతి మేం చూసుకుంటాం. ఈలోగా మిగతా యజమానులంతా, వినడం అయిపోయిందని ఊపిరి పీల్చుకోకుండా, లేవండి. మీ పార్లర్ వెనక గది తలుపు తెరవండి. అక్కడ మీరు కుక్కిన ఖాళీ సీసాలు, విరిగిన డ్రయర్లు బయట పడెయ్యండి. మంచి కుర్చీ ఒకటి, పాతది కాదు, కస్టమర్లకి వేసేదే, లోపల వెయ్యండి. కిటికీకి మందపాటి తెర కట్టండి. కెమెరా ఉంటే పీకెయ్యండి. రోజూ మధ్యాహ్నం మీ దగ్గర పనిచేసే ప్రతి మనిషీ వంతులవారీగా అందులో పడుకోవాలి, ఇంకొకరు ఆవిడ ముఖం, మెడ, తల పట్టాలి. జీతం కొయ్యకూడదు, ఫోటో తియ్యకూడదు, మీరు లోపలికి తొంగి చూడకూడదు. ఊపిరాగే జబ్బున్న మనిషిని రెస్ట్ పేరుతో గెంటెయ్యకూడదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళే పూట సెలవివ్వాలి. తలుపుకి గడియ లోపలివైపు బిగించండి. వడ్రంగిని పిలవండి. రేపు కాదు, ఇవాళే పిలవండి.